ఫిట్స్ అనే ఒక్క మాట చాలదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి, "నువ్వు చేసే పరిశోధన ఏమిటో మనవాళ్ళకు అర్థమయ్యేట్టు అరగంటలో చెప్పు" అన్నారు. "అర్థమయ్యేట్టు" అన్న మాటను రెండుసార్లు నొక్కి చెప్పారు. నా పని పిల్లల మూర్ఛల మీద. మూర్ఛతో పాటు మాట రాకపోవడం, నడక ఆలస్యం కావడం, చదువు అందకపోవడం, ఆటిజం లాంటివి కలిసి వచ్చే పిల్లల మీద. నరాల వైద్యంలో వీటిని ఎదుగుదల లోపాలంటాం. ఈ సభలో ఇది పరాయి విషయమేమీ కాదు. ఇంత పెద్ద సభలో ఒకరిద్దరికైనా ఇంట్లోనో దగ్గర బంధువుల్లోనో ఈ బాధ తెలిసే ఉంటుంది. పైకి మాత్రం ఎవరూ చెప్పరు. పెళ్ళిచూపుల దగ్గర అసలే చెప్పరు.

ముందు మనం వాడే మాట సంగతి. మన వైపు అన్నిటికీ "ఫిట్స్" అనే అంటాం. పెద్దవాళ్ళు మూర్ఛ అనేవారు, ఆయుర్వేదం తెలిసినవారు అపస్మారం అనేవారు. జ్వరం అనే మాట ఎలాంటిదో ఫిట్స్ అనే మాటా అలాంటిదే. జ్వరం మలేరియా వల్ల రావచ్చు, టైఫాయిడ్ వల్ల రావచ్చు, డెంగీ వల్ల రావచ్చు. అన్నిటికీ ఒకే మాత్ర ఇస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఫిట్స్ కూడా అంతే. మా రంగంలో దాదాపు రెండు వందల ఏళ్ళుగా జరిగిన పని అంతా ఈ ఒక్క మాటను విడదీసి, ఒక్కొక్క జబ్బుకు దాని పేరు దానికి పెట్టడమే.

మెదడులో కోట్లకొద్దీ కణాలున్నాయి. ఒకటి మరొకదానికి కబురు పంపేది కరెంటు ద్వారా. ఆ కరెంటు పుట్టేది కణం గోడలో ఉన్న సన్నని ద్వారాల గుండా సోడియం, పొటాషియం లాంటి లవణాలు లోపలికీ బయటికీ కదలడం వల్ల. సాగర్ ఎడమ కాలువ మీద తూములు చూశారు కదా. తలుపు ఎత్తితే నీరు వస్తుంది, దించితే ఆగుతుంది. కణం తూములు సెకనులో వెయ్యో వంతులో తెరుచుకుని మూసుకుంటాయి. తూము సరిగా మూతపడకపోయినా చిక్కే, సరిగా తెరుచుకోకపోయినా చిక్కే. ఇక మెదడులో కొన్ని కణాలు పక్కవాటిని ఉసిగొల్పుతాయి, కొన్ని వాటిని అదుపులో పెడతాయి. ఈ రెంటి తూకం తప్పి, వేలాది కణాలు ఒక్కసారిగా ఒకే తాళంలో కరెంటు విడిచిపెడితే వచ్చేదే ఫిట్. దానికి గాలీ ధూళీ కారణం కాదు, దిష్టీ కారణం కాదు.

విడదీసి చూడటం ఎలా మొదలైందో ఒక కథ చెబుతాను. 1841లో ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో విలియం వెస్ట్ అనే వైద్యుడుండేవాడు. ఆయన కొడుకు జేమ్స్ పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. నాలుగో నెలలో తల ముందుకు వంచడం మొదలుపెట్టాడు. నమస్కారం పెట్టినట్టు మోకాళ్ళ దాకా వంగడం, వెంటనే లేవడం, మళ్ళీ వంగడం. ఒక్కో విడతకు పది, ఇరవై సార్లు. రోజుకు రెండు మూడు విడతలు. కొన్నాళ్ళకు పిల్లవాడు నవ్వడం మానేశాడు, చుట్టూ ఉన్నవాటిని చూడటం మానేశాడు. ఆ రోజుల వైద్యం ప్రకారం జలగలు పట్టించారు, నల్లమందు ఇచ్చారు. ఏదీ పనిచేయలేదు. లండన్ వెళ్ళి పెద్ద డాక్టర్లను కలిస్తే, ఒకాయన ఇలాంటి పిల్లలను ఇంతకుముందు కొద్దిమందినే చూశానని, వీటిని తాను సలాం మూర్ఛలని అంటానని చెప్పాడు. వెస్ట్ ఇంటికి వచ్చి, తన బిడ్డలో చూసినదంతా విడతల లెక్కతో సహా రాసి, ఎవరైనా ఇలాంటిది చూసి ఉంటే చెప్పమని లాన్సెట్ పత్రికకు ఉత్తరం పంపాడు. ఆ బిడ్డ బాగుపడలేదు. ఇరవై ఏళ్ళే బతికాడు. కానీ ఈనాడు ప్రపంచమంతటా ఆ జబ్బును వెస్ట్ సిండ్రోమ్ అనే పిలుస్తారు.

నేను ఈ ఉత్తరాన్ని మా విద్యార్థులచేత ప్రతి ఏడాదీ చదివిస్తాను. అందులో పరికరం ఒక్కటీ లేదు. మెదడు కరెంటును కాగితం మీద గీసే ఈఈజీ యంత్రం రావడానికి అప్పటికి ఇంకా ఎనభై ఏళ్ళకు పైగా ఉంది. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మీద తొలి రికార్డు తీసింది 1924లో. వెస్ట్ దగ్గర ఉన్నవి కళ్ళు, కాగితం, కలం. అయినా ఆయన రెండు విషయాలు కలిపి చూశాడు. కుదుపులు ఒకటి, తెలివి వెనక్కి పోవడం ఒకటి. మా రంగానికి అసలు ప్రశ్న అదే. ఫిట్స్ వల్ల ఎదుగుదల ఆగుతోందా, లేక ఎదుగుదల ఆపుతున్న కారణమే ఫిట్స్ కూడా తెస్తోందా? నూట ఎనభై ఏళ్ళ తర్వాత ఇచ్చే జవాబు: చాలామంది పిల్లల్లో రెండూ నిజమే. అందుకే ఫిట్స్ ఆపడం ఒక్కటే సరిపోదు. అలాగని ఆపడంలో ఆలస్యం చేయనూ కూడదు.

వెస్ట్ సిండ్రోమ్‌కు 1958లో బెల్జియం వైద్యులు ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజక్షన్ పనిచేస్తుందని గుర్తించారు. ఇప్పటికీ అదీ, స్టెరాయిడ్ మందులూ, విగబాట్రిన్ అనే మాత్రా వాడుతున్నాం. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఇక్కడే మన కష్టం. పసిబిడ్డ నిద్ర లేవగానే వరుసగా ఉలిక్కిపడుతుంటే కడుపునొప్పి అంటాం, ఉలుకు జబ్బు అంటాం. తాయెత్తు కడతాం, మంత్రం వేయిస్తాం. నెలలు గడుస్తాయి. పైగా మన దేశంలో ఈ జబ్బుకు పెద్ద కారణం జన్యువులు కాదు. కాన్పు సమయంలో బిడ్డకు ఊపిరి అందకపోవడం, పుట్టిన మొదటి రోజుల్లో రక్తంలో చక్కెర పడిపోవడం లాంటివి. కాన్పు ఆసుపత్రిలో జరగడం, గంటలోపే తల్లిపాలు పట్టడం మూర్ఛ నివారణ కిందికి కూడా వస్తాయి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు చేసే పనిలో మెదడు వైద్యం ఎంత ఉందో వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ ఉన్నవారికి నేను చెబుతున్నాను.

ఇక ఈ కాలపు పరిశోధనలోకి వద్దాం. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో మూర్ఛ జన్యు పరిశోధనకు పేరు తెచ్చిన డాక్టరు ఒకామె ఉన్నారు. పేరు అన్నపూర్ణ పోడూరి. ఆ ఇంటిపేరు వినగానే మీ ముఖాల్లో నవ్వు చూశాను. హార్వర్డ్‌లో క్రిస్టఫర్ వాల్ష్ బృందంతో కలిసి ఆమె 2012లో న్యూరాన్ పత్రికలో ప్రచురించిన పని గురించి కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే మా పని సగం తెలిసినట్టే.

కొందరు పిల్లలు పుట్టుకతోనే మెదడులో ఒక సగం పెద్దదిగా, వికృతంగా పెరిగి పుడతారు. పుట్టిన కొద్ది రోజులకే ఫిట్స్ మొదలవుతాయి. ఏ మందుకూ లొంగవు. చివరకు ఆ చెడిన సగాన్ని తీసేయడమో, మిగతా సగంతో దాని సంబంధం తెంచేయడమో చేయాలి. వినడానికి భయంగా ఉంటుంది కానీ, పసి మెదడుకు సర్దుకునే శక్తి ఎక్కువ. ఆ ఆపరేషన్ తర్వాత నడిచే పిల్లలు, మాట్లాడే పిల్లలు ఉన్నారు. మన హైదరాబాదులోనూ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోనూ మూర్ఛకు శస్త్రచికిత్సలు చేస్తున్నారు.

ఈ పిల్లల రక్తం తీసి జన్యువులు చూస్తే ఏ తప్పూ కనిపించేది కాదు. తల్లిలో లేదు, తండ్రిలో లేదు, బిడ్డ రక్తంలోనూ లేదు. మరి మెదడు ఎందుకు అలా పెరిగింది? ఆపరేషన్‌లో తీసిన మెదడు ముక్కనే పరీక్షించారు. ఎనిమిది మంది పిల్లల్లో ఇద్దరికి, ఏకేటీ3 అనే జన్యువు ఉండే క్రోమోజోము భాగం ఆ ముక్కలో ఒకటి ఎక్కువగా ఉంది. మరొకరికి సరిగ్గా అదే ఏకేటీ3 జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంది. ఆ మార్పు కూడా మెదడు ముక్కలో సుమారు మూడో వంతు కణాల్లోనే. రక్తంలో లేదు. అంటే తప్పు తల్లిదండ్రుల నుంచి రాలేదు. గర్భంలో మెదడు తయారవుతుండగా, ఏదో ఒక కణం రెండుగా చీలేటప్పుడు జరిగిన పొరపాటు అది. ఆ కణం పిల్లలకే, వాటి పిల్లలకే సంక్రమించింది. మామిడి తోటలో చెట్టంతా ఒకే రకం కాయ కాస్తూ, ఒక్క కొమ్మ మాత్రం వేరుగా కాయడం మన రైతులు చూసి ఉంటారు. మొలిచిన విత్తనంలో ఏమీ లేదు, కొమ్మ మొగ్గ దగ్గర మార్పు జరిగింది. దాదాపు ఇలాంటిదే. అదే ఏడాది కాలిఫోర్నియాలో మరో బృందమూ ఇదే గొలుసులోని జన్యువులను ఇదే జబ్బులో పట్టుకుంది.

దీనివల్ల ఒరిగిందేమిటని అడగొచ్చు. రెండు ఒరిగాయి. ఏకేటీ3, ఎంటార్ అనే గొలుసులో ఒక లంకె అని తెలుసు. కణం ఎంత పెరగాలో చెప్పే గొలుసు అది. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే మరో జబ్బులోనూ అదే గొలుసు అదుపు తప్పుతుంది. అక్కడ ఆ గొలుసును నెమ్మదింపజేసే ఎవరోలిమస్ అనే మందుకు ఫిట్స్ కోసం 2018లో అమెరికాలో అనుమతి దొరికింది. కేవలం కరెంటును అణచడం కాక మూలాన్ని తాకే మందు దొరకడం మాకు పెద్ద సంగతి. రెండోది మందుల్లో చెప్పేది కాదు. ఇలాంటి బిడ్డ తల్లిని మన దగ్గర ఏమంటారో మీకు తెలుసు. గ్రహణం నాడు బయట తిరిగిందంటారు, కడుపుతో ఉండగా ఏదో తిన్నదంటారు, వాళ్ళ వైపు రక్తం మంచిది కాదంటారు. ఆ తల్లి ఎదుట కాగితం పెట్టి, "అమ్మా, ఇది నీ నుంచి రాలేదు, మీ ఆయన నుంచీ రాలేదు" అని చెప్పగలగడం కోసమైనా ఈ పరిశోధన చేయవలసిందే. ఆ మాట విన్న తల్లులు ఏడవడం నేను చాలాసార్లు చూశాను. పక్కన నిలబడ్డ అత్తగారు తల దించుకోవడమూ చూశాను.

అన్నీ ఇలా వచ్చేవే అనుకోకండి. కొన్ని ఎదుగుదల లోపాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడు జన్యువులు కలిస్తే వస్తాయి. మేనమామను, మేనబావను చేసుకునే మన ఇళ్ళల్లో ఆ కలయిక జరిగే అవకాశం ఎక్కువ. ఇది చెబితే పెద్దలకు కోపం వస్తుంది. అయినా చెప్పక తప్పదు. మొదటి బిడ్డకు ఏ పేరుగల జబ్బో తెలియకుండా రెండో కాన్పుకు వెళ్ళవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

పేరు తెలిస్తే మందు ఎలా మారుతుందో ఒక్క ఉదాహరణ. మామూలు జ్వరపు ఫిట్స్ ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి వస్తాయి. చాలావరకు వాటంతట అవే పోతాయి, భయం లేదు. కానీ కొందరికి మొదటి ఏడాదిలోనే, జ్వరంతో, ఒక పక్కకే, అరగంట దాటినా ఆగని ఫిట్స్ వస్తాయి. రెండో ఏడు దాటేసరికి ఎదుగుదల నెమ్మదిస్తుంది. ఫ్రాన్సుకు చెందిన షార్లట్ డ్రావే అనే వైద్యురాలు 1978లో దీన్ని వేరే జబ్బుగా గుర్తించారు. 2001లో బెల్జియంలో ఏడుగురు పిల్లలను పరీక్షిస్తే ఏడుగురిలోనూ ఎస్సీఎన్1ఏ అనే సోడియం తూము జన్యువులో కొత్తగా వచ్చిన మార్పు కనిపించింది. ఈ తూము ఎక్కువగా ఉండేది అదుపుచేసే కణాల్లో. అంటే ఈ పిల్లల్లో బ్రేకు బలహీనం. ఇప్పుడు ఆలోచించండి. కార్బమజెపిన్, ఫెనిటోయిన్ లాంటి మందులు సోడియం తూములను మూసేవి. ఇతర ఫిట్స్‌లో ఎంతో మేలు చేసే ఈ మందులు ఈ పిల్లలకు ఇస్తే ఉన్న కాస్త బ్రేకునూ తీసేసినట్టే. ఫిట్స్ పెరుగుతాయి. మందు మంచిదే, డాక్టరుగారు మంచివారే, పేరు తెలియక జరిగే నష్టం అది.

ఇదే జన్యువు మరో అపవాదునూ తీర్చింది. టీకా వేసిన కొద్ది గంటలకో మర్నాడో ఫిట్స్ మొదలై, తర్వాత బిడ్డ ఎదుగుదల దెబ్బతింటే, టీకా వల్లే అని ప్రపంచమంతా నమ్మిన రోజులున్నాయి. ఆస్ట్రేలియాలో శామ్యూల్ బెర్కోవిచ్, ఇంగ్రిడ్ షెఫర్ బృందం అలాంటి పద్నాలుగు మందిని 2006లో పరీక్షించింది. పదకొండు మందిలో ఎస్సీఎన్1ఏ మార్పు ఉంది. టీకా వల్ల వచ్చే జ్వరం, ఎటూ రాబోయే తొలి ఫిట్‌ను కాస్త ముందుకు తెచ్చి ఉండవచ్చు. జబ్బు మాత్రం పుట్టుక నుంచే ఉంది. మన ఊళ్ళల్లో టీకాకు జంకే తల్లులకు ఈ లెక్క చెప్పండి.

ఇంకో తెలుగాయన గురించి చెప్పి క్లాసు గదిలోకి వస్తాను. దూడిపాల సాంబరెడ్డి గారు. చండీగఢ్ పంజాబ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, అమెరికా వెళ్ళి, ఇప్పుడు టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. కొందరు ఆడవారికి నెలసరి రోజుల చుట్టూనే ఫిట్స్ ఎక్కువవుతాయి. ఇంట్లో ఆడవాళ్ళకు ఈ సంగతి తెలుసు, డాక్టరుకు చెప్పడానికి సిగ్గు. ప్రొజెస్టిరాన్ హార్మోను నుంచి మెదడులో తయారయ్యే ఒక పదార్థం బ్రేకు కణాలకు బలమిస్తుంది. నెలసరికి ముందు అది పడిపోవడంతో బ్రేకు సడలుతుందని చూపిన ప్రయోగాల్లో ఆయన పని ముఖ్యమైనది. ఆ పదార్థాన్ని పోలి కృత్రిమంగా చేసిన గనాక్సొలోన్ అనే మందుకు 2022 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. విచిత్రం ఏమిటంటే అది వచ్చింది నెలసరి మూర్ఛకు కాదు, సీడీకేఎల్5 అనే జన్యువు చెడి, పుట్టిన కొద్ది వారాలకే ఫిట్స్ మొదలయ్యే చిన్నపిల్లలకు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. ఆ మందు వెనుక ఎందరో శాస్త్రవేత్తలున్నారు, ఈయన వారిలో ఒకరు.

ఇంత దూరం వెళ్ళి చెప్పిన ఈ మందులన్నీ ఖరీదైనవి. మనవాళ్ళలో ఎక్కువమందికి వీటితో పని పడదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని, సరిగా గుర్తించి వైద్యం చేస్తే అందులో 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1912లో వాడుకలోకి వచ్చిన ఫినోబార్బిటాల్ మాత్ర ఈనాటికీ చవగ్గా దొరుకుతోంది, ఈనాటికీ పనిచేస్తోంది. మాత్ర మానకుండా వేసుకోవడమే కష్టం. ఆరు నెలలు ఫిట్ రాకపోతే తగ్గిపోయిందని మానేస్తారు. నాటు మందు తిని పథ్యం చేస్తూ మానేస్తారు. పెళ్ళి కుదిరితే, కొత్త ఇంట్లో మాత్రలు కనబడకూడదని మానేస్తారు.

ఇప్పుడు మాస్టార్లకు. ఒక పిల్ల పాఠం మధ్యలో పది సెకన్లు కళ్ళు అలాగే నిలిపి, రెప్పలు కొద్దిగా అదిరి, మళ్ళీ ఏమీ జరగనట్టు రాసుకుంటుంది. రోజుకు ఇరవై, ముప్పై సార్లు. నోట్సులో వాక్యం మధ్యలో తెగి ఉంటుంది. మనం దాన్ని పరధ్యానం అంటాం, గుంజిళ్ళు తీయిస్తాం. పరధ్యానంలో ఉన్న పిల్ల పేరు పెట్టి పిలిచి భుజం తడితే ఉలిక్కిపడి చూస్తుంది. ఈ పిల్ల చూడదు, ఆ పది సెకన్లు ఆమె అక్కడ లేదు. దీన్ని ఆబ్సెన్స్ మూర్ఛ అంటారు. మందులకు చాలా బాగా లొంగుతుంది. దీన్ని తల్లికంటే ముందు పట్టుకోగలిగేది టీచరే, ఎందుకంటే రోజుకు ఆరు గంటలు ఎదురుగా కూర్చోబెట్టుకునేది మీరే.

రెండోది పదో తరగతి, ఇంటర్ పిల్లల్లో. తెల్లవారి లేవగానే చేతులు ఒక్కసారి ఎగిరిపడతాయి. బ్రష్ జారిపోతుంది, కాఫీ గ్లాసు విసిరినట్టు పడుతుంది. "కుదురు లేదు" అని తిడతాం. కొన్నాళ్ళకు, రాత్రంతా మేలుకుని చదివిన మర్నాడు, పెద్ద ఫిట్ వస్తుంది. జర్మనీలో డీటర్ యాంజ్ 1957లో వివరించిన జబ్బు ఇది. ఈ పిల్లల తెలివికి ఏ లోటూ ఉండదు. వీరికి నిద్ర కూడా మందే. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, రాత్రి పదకొండింటి దాకా చదివించే హాస్టళ్ళకు పంపేటప్పుడు తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం వార్డెన్‌కు రాసి ఇవ్వండి. దాచిపెడితే అక్కడ మాత్రలు కూడా దాక్కునే వేసుకోవాలి, చివరకు వేసుకోరు. ఈ జబ్బులోనూ కార్బమజెపిన్ వల్ల కుదుపులు పెరగవచ్చు. కనుక ఉదయపు కుదుపుల గురించి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

మూడోది, చదువు రాని పిల్లలు. మన దేశంలో అయిదు చోట్ల, అందులో హైదరాబాదు ఒకటి, 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను ఇల్లిల్లూ తిరిగి పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. మూర్ఛ, ఆటిజం, వినికిడి, చూపు, నేర్చుకోవడంలో చిక్కులు, ఇలా తొమ్మిది రకాలు చూశారు. ఆరేళ్ళ లోపువారిలో 9.2 శాతం, ఆపై వయసువారిలో 13.6 శాతం మందికి ఏదో ఒకటి ఉంది. దాదాపు అయిదో వంతు మందికి రెండో, అంతకంటే ఎక్కువో ఉన్నాయి. నలభై మంది ఉన్న తరగతికి లెక్క వేసుకోండి. "మొద్దు" అనే మాట కూడా ఫిట్స్ అనే మాట లాంటిదే. దాని కింద చెవుడు ఉండవచ్చు, చదవడంలో చిక్కు ఉండవచ్చు, కనబడని చిన్న ఫిట్స్ ఉండవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో వైకల్యం అందులో ఉన్నాయి. సర్టిఫికెట్ వస్తే పరీక్షలో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. సికింద్రాబాదు బోయినపల్లిలో మేధో వైకల్యం గల పిల్లల కోసం 1984 నుంచీ జాతీయ సంస్థ ఉంది. తిరువూరు నుంచి అది అందరానంత దూరమేమీ కాదు.

ఎదుట ఫిట్ వస్తే ఏం చేయాలో గబగబా చెబుతాను. చేతిలో తాళం చెవులు పెట్టకండి, ముక్కు దగ్గర ఉల్లిపాయ గానీ చెప్పు గానీ పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద ఏదైనా మెత్తటిది పెట్టండి, గడియారం చూడండి. ఎక్కువ భాగం ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, 108కి ఫోన్ చేయాలి. వర్షాకాలంలో కట్టలేరు పొంగి దారి ఆగిపోయిన రోజు ఏం చేయాలి? అందుకే పొడుగు ఫిట్స్ వచ్చే పిల్లలున్న ఇంట్లో, ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఉంచుకోవాలి. డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. ఎంత కొట్టాలో ముందే రాయించుకుని, ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో పెట్టండి. ఆటలు మాన్పించకండి. కాలువలో ఒంటరి ఈత, చెట్లెక్కడం, మోటార్ల దగ్గర పని మాత్రం వద్దు.

ఆడపిల్లల గురించి చెప్పకుండా దిగితే మా అక్కలు ఊరుకోరు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డుగా ఉన్న మూర్ఛ అనే మాటను 1999లో తొలగించారు. చట్టం మారి ఇన్నేళ్ళయినా మనం మాత్రం ఇంకా దాస్తున్నాం. పెళ్ళికి ముందు చెప్పండి, పెళ్ళి తర్వాత మాత్రలు మానకండి. వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతున్న అమ్మాయి గర్భానికి ముందే డాక్టరును కలవాలి. ఆ మందు కడుపులోని బిడ్డ అవయవాలకూ, తర్వాత తెలివికీ హాని చేయగలదని పాశ్చాత్య దేశాల అధ్యయనాలూ, కేరళలో 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు సేకరిస్తున్న రిజిస్ట్రీ కూడా చూపాయి. మాత్ర మార్చాలంటే ముందే మార్చాలి, గర్భం వచ్చాక భయపడి మొత్తం మానేస్తే తల్లికే ప్రమాదం. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టాలి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను అమెరికా లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన ఆడపిల్లల చేతిలోకి ఆ పసుపు మాత్ర వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొస్తారు.

చివరగా ఒక చిన్న పని అడుగుతాను. ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో హాజరు పట్టీ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ పిల్లకు ఏం జరిగింది, ఎన్నింటికి, ఎన్ని సెకన్లు, మొదట ఏ చెయ్యి కదిలింది, తల ఏ వైపు తిరిగింది, తర్వాత మాట ఎంతసేపటికి వచ్చింది. నాలుగు ముక్కలు చాలు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఫోన్‌లో వీడియో తీయండి. మా దగ్గరికి వచ్చేసరికి పిల్లకు ఫిట్ ఉండదు, ఈఈజీ కూడా ఒక్కోసారి మామూలుగానే వస్తుంది. అప్పుడు మాకు దారి చూపేది ఆ పేజీయే.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. పదిమందిలో అడగలేనివారు, పాత చీటీలు, స్కానింగ్ కాగితాలు తెచ్చుకున్నవారు భోజనాల తర్వాత తొమ్మిదో తరగతి గదిలోకి రండి. సాయంత్రం దాకా అక్కడే ఉంటాను.